తమ్ముడికి ఆర్మీలో సరఫరా విభాగం వచ్చింది, ఇంట్లో అందరూ దిగులు పడుతున్నారు

అంబాజీపేట అక్క
అందరికీ నమస్కారం. తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి.

మా తమ్ముడు అగ్నివీర్‌గా ఎంపికయ్యాడు. రెండేళ్లపాటు తెల్లవారకముందే లేచి కాలువ గట్టు మీద పరుగెత్తాడు. తోటలో కొబ్బరి చెట్టుకు తాడు కట్టి ఎగబాకడం నేర్చుకున్నాడు. ఫలితం వచ్చిన రోజు నాన్న వీధంతా పూతరేకులు పంచారు. మొన్న కేటాయింపు తెలిసింది. ఆర్మీ సర్వీస్ కోర్ అట, శిక్షణ బెంగళూరులో అట. అప్పటినుంచి ఇంట్లో ఎవరి ముఖంలోనూ కళ లేదు. "తుపాకి పట్టుకుంటాడనుకుంటే బస్తాలు మోయడానికి పంపుతున్నారు" అని మావయ్య నలుగురిలో అనేశారు. తమ్ముడు ఆ మాట విని కంచం ముందునుంచి లేచి వెళ్లిపోయాడు.

ఆ విభాగం అసలు ఏం చేస్తుంది? నిజంగానే తక్కువ రకం పనా? వాడికి ఏం చెప్పాలో నాకు తోచడం లేదు.

తణుకు హవల్దార్
అమ్మా, ముందు మీ తమ్ముడికి నా అభినందనలు చెప్పండి. నేను ఆ కోర్‌లోనే 22 ఏళ్లు చేశాను. 1992లో ఎంటీ, అంటే మోటారు బళ్ల డ్రైవర్‌గా చేరి హవల్దార్‌గా బయటికి వచ్చాను. నాకు కేటాయింపు వచ్చినప్పుడు మా ఇంట్లోనూ ఇదే మాట అన్నారు, కాబట్టి మీ మావయ్యగారి మీద నాకేమీ కోపం లేదు.

మా పనంతా తిండి, ఇంధనం, బండి, ఈ మూడింటి చుట్టూ తిరుగుతుంది. జవాను తినే బియ్యం, పిండి, పప్పు, నూనె, కూరగాయలు, మాంసం, పాలు, టిన్నుల్లో వచ్చే సరుకు, అన్నీ సప్లై డిపోలో మావాళ్లు తూకం చూసి, నాణ్యత పరీక్షించి తీసుకుని, లెక్క ప్రకారం యూనిట్లకు ఇస్తారు. పెట్రోలు, డీజిలు, కిరోసిన్, ఇంజన్ ఆయిల్ మా చేతుల మీదుగానే వెళ్తాయి. వాటిని మోసే లారీలు మావి. లారీ వెళ్లలేని చోటికి వెళ్లే కంచర గాడిదలు మావి. గాడిద కూడా వెళ్లలేని చోటికి విమానంలోంచి సరుకు దించాలంటే, ఆ మూటలు కట్టి తలుపు దగ్గర నిలబడి తోసేవాళ్లు కూడా మావాళ్లే.

తుపాకులు, తూటాలు, దుస్తులు నిల్వ చేసేది ఆర్డినెన్స్ కోర్. బళ్లకు, ఆయుధాలకు మరమ్మతులు చేసేది ఈఎంఈ అనే ఇంకో విభాగం. బయటివాళ్లు ఈ మూడింటినీ ఒకటిగా అనుకుంటారు. అయితే ఆర్డినెన్స్ డిపోలో ఉన్న ఫిరంగి గుండు కొండ మీద ఫిరంగి దగ్గరికి చేరాలంటే ఎక్కేది మా లారీయే.

తుపాకి విషయం కూడా చెప్తాను. మీ తమ్ముడికి తుపాకి ఇస్తారు, గురి చూసి కాల్చడం నేర్పుతారు. ఏ విభాగంలో చేరినా ముందు సైనికుడిగా తయారు చేశాకే పని నేర్పుతారు.

మండపేట మిల్లు
హవల్దార్ గారూ, మేము బియ్యం మిల్లువాళ్లం. చిన్నప్పటినుంచి నాదొక సందేహం. మేము ఎఫ్‌సీఐకి, అంటే భారత ఆహార సంస్థకు ఇచ్చే బియ్యం సైన్యానికి కూడా వెళ్తుందని నాన్నగారు చెప్పేవారు. నిజమేనా?

తణుకు హవల్దార్
నిజమే. సైన్యానికి బియ్యం, గోధుమలు ఎఫ్‌సీఐ నుంచి వస్తాయి. ఏ మిల్లు బస్తా ఎక్కడికి చేరిందో ఎవరూ చెప్పలేరు గానీ, డిపోలో బస్తా మీద ఆంధ్రా అని కనిపిస్తే నేను చేత్తో తడిమి చూసిన రోజులు ఉన్నాయి.

రాజమండ్రి మాస్టారు
అక్కగారూ, నేను చరిత్ర పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీ ప్రశ్నకు మన గడ్డ మీదే జవాబు ఉంది, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

పిఠాపురం, గొల్లప్రోలు దగ్గర చందుర్తి అనే ఊరుంది. 1758 డిసెంబరులో అక్కడ ఫ్రెంచివారికీ ఆంగ్లేయులకూ యుద్ధం జరిగింది. ఆంగ్లేయుల సేనాని ఫోర్డ్, అతనికి తోడు విజయనగరం ఆనంద గజపతి. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఓడి పారిపోయాడు. ఫోర్డ్ వెంటపడి రాజమండ్రి పట్టుకున్నాడు. అక్కడినుంచి బందరు ఎంత దూరం? గెలిచిన సైన్యం, ఎదురుగా ఓడిన సైన్యం. అయినా ఫోర్డ్ వారాల తరబడి కదల్లేకపోయాడు. రాజుగారు ఇస్తానన్న డబ్బు రాలేదు, డబ్బు లేకపోతే జీతాలు లేవు, బత్తెం లేదు, ఎడ్లు లేవు. చివరికి బందరు కోట ముందు గోరా సిపాయిలే తిరగబడే దాకా వచ్చింది. 1759 ఏప్రిల్‌లో కోట పడింది గానీ, ఆ మధ్యకాలంలో అతన్ని ఆపింది శత్రువు కాదు, ఖాళీ ఖజానా.

ఆర్మీ సర్వీస్ కోర్ తన పుట్టినరోజుగా లెక్కపెట్టుకునేది 1760 డిసెంబరు 8. చందుర్తి తర్వాత రెండేళ్లకు. బెంగాల్, మద్రాసు, బొంబాయి ప్రెసిడెన్సీలకు వేర్వేరుగా ఉండిన కమిసరియేట్ శాఖలు, అంటే సైన్యానికి తిండి, సరుకు చూసే శాఖలు దీనికి మూలం. తర్వాత పేర్లు మారాయి. 1923లో ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ అయింది, 1935లో ముందు రాయల్ అని చేరింది, 1950లో గణతంత్రం రాగానే ఆ మాట పోయి ఇప్పుడున్న పేరు నిలిచింది. 'సేవా అస్మాకం ధర్మః' అన్నది వాళ్ల నినాదం.

పేర్ల కంటే ఎడ్ల కథ ముఖ్యం. 1791లో ఆంగ్లేయుల సేనాని కార్న్‌వాలిస్ టిప్పు మీదికి శ్రీరంగపట్నం దాకా వెళ్లాడు. కోట కంటికి కనిపిస్తోంది. కానీ మేత లేక, రోగాలు సోకి ఎడ్లు వేలల్లో చచ్చాయి. ఫిరంగులు లాగడానికి ఎడ్లు లేక, పెద్ద ఫిరంగులను తన చేతులతోనే పగలగొట్టి వెనుదిరిగాడు. మరుసటి ఏడాది మళ్లీ వచ్చి గెలిచాడంటే ధాన్యం మోసిన లంబాడీల పుణ్యమే. వేల ఎడ్ల మీద గోనెలు వేసి సైన్యం వెంట నడిచిన సంచార వర్తకులు వాళ్లు. మొగలాయి సైన్యాలకూ వాళ్లే అంగడి. ఈ రోజు మన పక్కన తండాల్లో ఉన్నవారి ముత్తాతలు ఒకప్పుడు దక్కన్ యుద్ధాల గెలుపోటములు తేల్చారన్న మాట పాఠ్యపుస్తకంలో ఒక్క పేరా అయినా ఉండాలని నేను ముప్పై ఏళ్లుగా అంటున్నాను.

తూర్పు గట్టు
నమస్కారం. నేను ఇన్‌ఫాంట్రీలో, అంటే పదాతిదళంలో 17 ఏళ్లు చేశాను. అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి ఒక మాట నిజాయితీగా చెప్పాలి. పోస్టు మీద కూర్చుని ఎదుటివాడి తుపాకి ముందు ఉండటం వేరు, వెనకనుంచి రేషన్ పంపడం వేరు. రెండూ ఒకటే అని అబ్బాయికి చెప్పకండి. అక్కడికి వెళ్లాక తేడా వాడికే తెలుస్తుంది, అప్పుడు మనం చెప్పిందంతా ఓదార్పు మాట అనుకుంటాడు.

అంబాజీపేట అక్క
మీరు చెప్పింది ఆలోచించాల్సిన మాటే అండీ. ఓదార్పు కోసం అబద్ధం చెప్పాలని నాకు లేదు. అందుకే ఇక్కడ అడిగాను.

తణుకు హవల్దార్
తూర్పు గట్టు గారూ, ఒకటే అని నేను అనను. పోస్టు మీద ఉన్నవాడికి నేను ఎప్పుడూ నమస్కారమే చేశాను. కానీ 'వెనక' అన్న మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది.

1999 కార్గిల్ యుద్ధంలో నేను శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే దారిలో ఉన్నాను. ద్రాస్ దగ్గర తోలోలింగ్ శిఖరం నుంచి చూస్తే కింద రోడ్డు అరచేతిలో గీతలాగా కనిపిస్తుంది. ఆ శిఖరం మీద కూర్చున్నవాడు చూసి చెబితే అవతలి ఫిరంగి సరిగ్గా రోడ్డు మీదికే కొట్టేది. పైన యుద్ధం చేస్తున్న పటాలాలకు గుండ్లు, తిండి, డీజిలు అన్నీ ఆ ఒక్క రోడ్డు మీదే రావాలి. పగలు బండి తీస్తే గుండు దెబ్బకు పోవడమే. అందుకని రాత్రి, లైట్లు ఆర్పి నడిపేవాళ్లం.

మిలిటరీ లారీ వెనక చక్రాల మధ్య ఇరుసు గుండ్రటి భాగానికి తెల్ల రంగు వేసి ఉంటుంది, ఎవరైనా గమనించారా? దాని మీద చిన్న దీపం వెలుగు పడుతుంది. వెనక బండివాడికి తప్ప ఇంకెవరికీ కనిపించదు. ఆ తెల్ల మచ్చను చూస్తూ నడపాలి. ఒక పక్క కొండ, ఇంకో పక్క నది. మచ్చ కదిలితే కదలాలి, ఆగితే ఆగాలి. నా లారీలో ఉన్నవి ఫిరంగి గుండ్లు. ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ రాత్రుల్లో నేను వెనక ఉన్నానని నాకు అనిపించలేదు.

తూర్పు గట్టు
మీరు ఆ దారిలో నడిపారని తెలియక రాశాను. మీ మాట ఒప్పుకుంటున్నాను.

ఒకటి చెప్పాలి. మా పోస్టు దగ్గరికి రోడ్డు లేదు. చీకటి పడ్డాక గాడిదలు వచ్చేవి. మేము వాటిని ఖచ్చర్ అనేవాళ్లం. గంటలు తీసేసి, చప్పుడు కాకుండా వచ్చేవి. మంచు పడ్డ సన్నటి దారిలో మనిషి తడబడతాడు గానీ అది తడబడదు. దాన్ని నడిపించేవాడు ముందు దాని వీపు తడిమి, పుండు ఉందేమో చూసి, దానికి నీళ్లు పెట్టాకే తాను టీ తాగేవాడు. అందులో ఒక పిల్లవాడు మన నరసాపురం వైపువాడు. అమావాస్య రాత్రి తెలుగులో "అన్నా, ఉత్తరాలు తెచ్చాను" అన్నాడు. ఆ గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది.

రాజమండ్రి మాస్టారు
గాడిదల మాట వచ్చింది కాబట్టి ఆగలేకపోతున్నాను. 1915లో తుర్కీలోని గల్లిపోలీ కొండల మీద సైనికులకు నీళ్లు, తూటాలు మోసింది మన భారతీయ మ్యూల్ కోర్, అంటే కంచర గాడిదల దళం. 1939 డిసెంబరులో నాలుగు గాడిదల కంపెనీలు సముద్రం దాటి ఫ్రాన్సులో మార్సెయ్ రేవులో దిగాయి. బ్రిటిష్ సైన్యం అప్పటికి పూర్తిగా మోటారు బళ్లకు మారిపోయింది. ఫ్రాన్సు శీతాకాలపు బురదలో ఆ బళ్లు పనికిరాక మనవాళ్లను పిలిపించుకున్నారు. 1940లో ఫ్రాన్సు తీరంలోని డన్‌కర్క్ నుంచి బ్రిటిష్ సైన్యం జర్మన్ల నుంచి తప్పించుకున్నప్పుడు మన డ్రైవర్లు అక్కడ ఉన్నారు. ఒక కంపెనీ జర్మన్ల చేతికి చిక్కింది.

ఇంకొకటి, పెడోంగీ. 1971 యుద్ధంలో పాకిస్తాన్ సైనికులు పట్టుకుపోయిన ఆడ కంచర గాడిద అది. వాళ్లు దాని మీద మెషిన్‌గన్, తూటాల పెట్టెలు వేస్తే, ఆ బరువుతోనే సరిహద్దు దాటి తన యూనిట్‌కు తిరిగి వచ్చేసింది. 1992లో ఢిల్లీలో నీలం మఖమలు కప్పి సన్మానించారు. మా తరగతిలో పిల్లలకు ఏ రాజు కథా గుర్తుండేది కాదు, ఈ కథ మాత్రం ఏడాది చివర అడిగినా చెప్పేవాళ్లు.

లంక ఆడపడుచు
నేను ఇక్కడ ఎప్పుడూ రాయను, చదువుతుంటాను. ఈ రోజు రాయాలనిపించింది.

1986 ఆగస్టు వరద నాకు పదేళ్లప్పుడు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిందని తర్వాత పెద్దవాళ్లు చెప్పుకునేవారు. మాకు ఆ లెక్కలు తెలియవు. మాది లంక గ్రామం. నీళ్లు చూరు దాకా వచ్చాయి. బడి మేడ మీద మూడు రోజులు ఉన్నాం. చుట్టూ గోదావరి, తాగడానికి చుక్క లేదు. రెండో రోజు హెలికాప్టర్ వచ్చి పొట్లాలు వేసింది. మా కళ్ల ముందే సగం నీళ్లలో పడి కొట్టుకుపోయాయి. అమ్మ ఏడ్చింది ఆ పొట్లాలు పోయినందుకే, ఇల్లు పోయినందుకు కాదు.

మూడో రోజు పడవ వచ్చింది. పడవవాడు ఒక్కొక్కరి చేతిలో పెట్టి ఇచ్చాడు. అప్పటినుంచి నాకు ఒక నమ్మకం, అన్నం ఉండటం ఒక ఎత్తు, అది చేతిదాకా రావడం ఒక ఎత్తు. హవల్దార్ గారూ, పైనుంచి వేసేవి అలా ఎందుకు పోతాయి?

తణుకు హవల్దార్
అమ్మా, చదువుతుంటే గొంతు పట్టేసింది.

విమానంలోంచి మూట తోసిన క్షణం నుంచి దాన్ని గాలి పట్టుకుంటుంది. విమానం వేగం, ఎత్తు, గాలి దిక్కు, మూట బరువు అన్నీ లెక్కగట్టి, చోటు రాకముందే తోయాలి. ఒక్క సెకను ఆలస్యమైతే మూట ఎంతో దూరం వెళ్లిపోతుంది. గొడుగు, అంటే పారాచూట్ కట్టి వేస్తే నిదానంగా దిగుతుంది, కానీ గాలికి కొట్టుకుపోతుంది. గొడుగు లేకుండా వేస్తే సూటిగా పడుతుంది, కానీ పగిలిపోతుంది. అందుకే పిండి, బియ్యం బస్తాలు ఒకదానిలో ఒకటి రెండు మూడు గోనెల్లో వేసి వదులుగా కుడతారు. లోపలిది పగిలినా పైది పట్టుకుంటుంది.

1962 అక్టోబరులో చైనా సరిహద్దులోని నమ్‌కా చూ నది దగ్గర మన బ్రిగేడ్‌కు జరిగింది ఇదే. రోడ్డు లేదు, త్సాంగ్‌ధర్ అనే చోట విమానాలు సరుకు వేసేవి. ఎక్కువ భాగం లోయల్లోకి జారిపోయింది. ఆ చలిలో నూలు బట్టలతో, మనిషికి యాభై తూటాలతో చైనా సైన్యాన్ని ఎదుర్కొన్నారు. కోర్‌లో పెద్దవాళ్లు మాకు ఆ పాఠం ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ధైర్యానికి లోటు లేదు అక్కడ, దారికి లోటు.

మండపేట మిల్లు
ఇది చదివాక గోదాములో బస్తా కుట్టే జట్టువాళ్లతో మాట్లాడాను. రెండు గోనెల ముచ్చట విని వాళ్లు పని ఆపి నిలబడిపోయారు.

మా పని నుంచి ఒక మాట. రైతు ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. క్వింటాలు ధాన్యానికి మిల్లు 67 కిలోల బియ్యం అప్పగించాలి. మాసూళ్ల వేళ తుఫాను వస్తే ఈ రెండు లెక్కలే రైతును చంపుతాయి. ఇంత కచ్చితంగా ఎందుకు అని కుర్రతనంలో విసుక్కునేవాణ్ణి. తేమ ఉన్న బియ్యం గోదాములో నాలుగు నెలలకే పురుగు పడుతుంది. అలాంటి బస్తా ఆరు నెలలు దారి మూసుకునే చోటికి వెళితే ఏమవుతుందో ఇప్పుడు అర్థమవుతోంది.

హవల్దార్ గారూ, అంత ఎత్తున మన స్వర్ణ బియ్యం ఉడుకుతాయా?

తణుకు హవల్దార్
ఉడకవు, అదే చిక్కు. ఎత్తుకు వెళ్లేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరిగిపోతాయి. లేహ్ ఎత్తులో 90 డిగ్రీలు కూడా రావు. సియాచిన్ పోస్టుల దగ్గర దాదాపు 80కే మరుగుతాయి. తెర్లుతున్నట్టే కనిపిస్తుంది, మెతుకు మాత్రం పలుకుగా ఉంటుంది. కుక్కర్ ఉంటే తప్ప అన్నం లేదు. కుక్కర్ వెలగాలంటే కిరోసిన్ కావాలి. అదే కిరోసిన్‌తో మంచు కరిగించి తాగునీళ్లు చేసుకోవాలి, అదే ఒళ్లు కాచుకునే పొయ్యికి. అందుకే అక్కడ బియ్యం కంటే కిరోసిన్ డబ్బా విలువైనది.

పైగా అంత ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది. తిండి కనిపిస్తే వికారం. తినకపోతే మనిషి నిలవడు. అందుకని 9,000 అడుగులు దాటితే రేషన్ మారుతుంది, 12,000 దాటితే మళ్లీ మారుతుంది. చాక్లెట్లు, ఎండు పళ్లు, టిన్నుల్లో పళ్లు, తక్కువలో ఎక్కువ శక్తినిచ్చేవి. మైసూరులో రక్షణ ఆహార పరిశోధన ప్రయోగశాలను 1961లో పెట్టింది ఇదే పని కోసం. వేడి నీళ్లలో పొట్లం వేసి తీస్తే పులావు తయారు. 1984 ఏప్రిల్‌లో సియాచిన్ మీదికి మనవాళ్లు ఎక్కారు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా అక్కడ తిండి చేరని రోజు ఉండకూడదు అన్నదే మా కోర్‌కు అన్నిటికంటే పెద్ద పరీక్ష.

ఇంకా డీజిలు. చలికి అది మైనంలా గడ్డకట్టేది. తెల్లవారుజామున లారీ కింద మంట పెట్టి ఇంజన్ వేడిచేసేవాళ్లం. 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని ప్రత్యేక డీజిలు లదాఖ్‌కు వచ్చింది. అప్పటికి నేను ఇంటికి వచ్చేశాను. టీవీలో ఆ వార్త చూసి మా పాత బ్యాచ్ అందరికీ ఫోన్లు చేశాను.

పడవలరేవు
మాస్టారూ, నాది కోటిపల్లి. మా తాతగారిది ధాన్యం పడవ. ధవళేశ్వరం నుంచి కాకినాడ దాకా కాలువలో, లాకులు దాటుకుంటూ. సైన్యం చరిత్రలో పడవల ప్రస్తావన ఏమైనా ఉందా?

రాజమండ్రి మాస్టారు
ఉంది, ఎంతో బాధాకరంగా ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఇరాక్‌లో కూత్ అనే ఊరు టైగ్రిస్ నది వంపులో ఉంది. 1915 డిసెంబరు నుంచి 147 రోజులు తుర్కులు దాన్ని ముట్టడించారు. లోపల బ్రిటిష్ సైనికులు, వాళ్ల కంటే ఎక్కువమంది మన భారతీయ సైనికులు. విడిపించడానికి సైన్యాలు బాస్రాలో దిగాయి. మనుషులు ఉన్నారు, సరుకు రేవులో గుట్టలుగా ఉంది. దాన్ని నది మీదికి తీసుకెళ్లే పడవలు, స్టీమర్లు చాలలేదు. ఆ లోతు తక్కువ నదికి తగిన పడవలు ముందే కట్టించుకోలేదు. తర్వాత వేసిన విచారణ సంఘం కూడా నదీ రవాణా లోపాన్నే ప్రధానంగా ఎత్తిచూపింది.

చివరికి గుర్రాల మాంసం తినాల్సి వచ్చింది. మనవాళ్లలో చాలామంది ముట్టుకోలేదు, రోజురోజుకూ కృశించిపోయారు. విమానాల నుంచి తిండి మూటలు వేశారు. ఒక సైన్యానికి ఆకాశం నుంచి తిండి వేయడం ప్రపంచంలో అదే మొదటిసారి. అది ఏ మూలకూ రాలేదు. ఆఖరి ప్రయత్నంగా 1916 ఏప్రిల్‌లో జుల్నార్ అనే స్టీమర్‌లో 270 టన్నుల సరుకు వేసి రాత్రివేళ పంపారు. తుర్కులు నదికి అడ్డంగా ఇనుప మోకు కట్టారు. పడవ దానికి తగులుకుని ఆగిపోయింది. నాలుగైదు రోజులకే, ఏప్రిల్ 29న కూత్ లొంగిపోయింది.

మీ తాతగారి లాంటి పడవవాళ్లకు ఇసుక తిప్పలు ఎక్కడున్నాయో, నది ఏ నెలలో ఎంత లోతు ఉంటుందో చూపుతోనే తెలుసు. ఆ జ్ఞానం విలువ కూత్‌లో ఆకలితో పోయినవాళ్లు చెప్పాలి.

కాటన్ కూడా సైన్యం మనిషే, మద్రాసు ఇంజనీర్ల దళం అధికారి. యువకుడిగా మొదటి బర్మా యుద్ధంలో పనిచేశాడు. ఆ యుద్ధంలో రంగూన్ చేరేసరికి ఊరు ఖాళీ, తిండి దొరకలేదు. తుపాకి దెబ్బల కంటే రోగాలకు పోయినవాళ్లే ఎన్నో రెట్లు. మన ఆనకట్ట, 1847లో మొదలుపెట్టి 1852కు పూర్తిచేసింది, ఆ చేతుల మీదుగానే వచ్చింది. కాలువలు నీళ్లకే కాదు, పడవలకూ పనికిరావాలని ఆయన పట్టుబట్టాడు.

తూర్పు గట్టు
తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఊరు అక్కగారికి తెలిసే ఉంటుంది. మిలిటరీ మాధవరం అంటారు. తరతరాలుగా ఇంటికొకరు సైన్యంలో ఉన్న ఊరు. నేను పెళ్లికని వెళ్లి ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాను. మీది ఏ పటాలం అని ఆయన అడిగితే చెప్పాను. మీది ఏదండీ అంటే, "మేము అందరికీ అన్నం పెట్టినవాళ్లం" అన్నారు, ఛాతీ నిటారుగా పెట్టి. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఏఎస్‌సీ, అంటే ఈ ఆర్మీ సర్వీస్ కోరే అన్నమాట. మొన్న నేను రాసింది చదివితే ఆయన ఏమనుకునేవారో.

అంబాజీపేట అక్క
రెండు రోజులుగా మీరందరూ రాసినవన్నీ తమ్ముడికి చదివి వినిపించాను. లంక అక్కగారి మాట దగ్గర అమ్మ, నాన్నమ్మ కూడా వచ్చి కూర్చున్నారు. 1996 నవంబరు తుఫాను మా ఊరి మీదుగానే పోయింది. కొబ్బరి చెట్లన్నీ రోడ్లకు అడ్డంగా పడిపోతే, బియ్యం లారీ పది కిలోమీటర్ల అవతల ఆగిపోయిందని, చెట్లు నరుక్కుంటూ మనుషులు వెళ్లి తెచ్చారని నాన్నమ్మ చెప్పింది. ఇన్నేళ్లలో నాకు ఎప్పుడూ చెప్పలేదు.

మావయ్య నిన్న వచ్చారు. ఆయనది కొబ్బరికాయల లారీ, పాతికేళ్లుగా ఉత్తరాదికి లోడు తీసుకెళ్తారు. తెల్ల మచ్చ సంగతి రెండుసార్లు చదివించుకున్నారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తమ్ముణ్ణి లారీ దగ్గరికి తీసుకెళ్లి రాత్రి పదింటి దాకా ఏవేవో చూపించారు. వాడు నవ్వుతూ ఇంట్లోకి వచ్చాడు.

వాడికి రెండు ప్రశ్నలు ఉన్నాయి, మావయ్యకు ఒకటి. శిక్షణకు ఏం తెచ్చుకోవాలి? లారీ నడపడం రాకుండా వెళితే ఇబ్బందా? మావయ్య అడిగింది, ఆ లేహ్ దారిలోని జోజి లా కనుమ దిగేటప్పుడు నిండు లోడుతో ఏ గేరులో దిగుతారు?

తణుకు హవల్దార్
చాలా సంతోషమమ్మా.

వాళ్లు ఇచ్చిన కాగితంలో రాసినవి తప్ప ఏమీ ఎక్కువ వద్దు. కాళ్లకు అలవాటైన బూట్లు ఒక జత, కాగితాల నకళ్లు నాలుగైదు సెట్లు. తినుబండారాలు తక్కువ పెట్టండి, పెట్టినవి గదిలో అందరికీ సరిపోయేలా పెట్టండి. అక్కడ ఒక్కడే తినేవాడు ఎవరికీ నచ్చడు. కాస్త హిందీ మాట్లాడటం ఇప్పటినుంచే మొదలుపెట్టమనండి, మొదటి నెల కష్టమంతా భాష దగ్గరే. నడపడం రాకపోతే దిగులు లేదు. అసలు రానివాడికి నేర్పడమే ఉస్తాదులకు, అంటే శిక్షణ ఇచ్చేవాళ్లకు ఇష్టం, పాత అలవాట్లు విడిపించే పని ఉండదు. శిక్షణ చివర కసమ్ పరేడ్ ఉంటుంది, ప్రమాణం చేస్తారు. అమ్మానాన్నలతో పాటు మావయ్యగారినీ బెంగళూరు తీసుకెళ్లండి.

మావయ్యగారికి నమస్కారం చెప్పి ఇది చెప్పండి. జోజి లా 11,500 అడుగుల పైన. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. నా శక్తిమాన్ లారీలోనూ, తర్వాత వచ్చిన స్టాలియన్ లారీలోనూ అదే సూత్రం. న్యూట్రల్ అన్న మాట కొండ మీద తలవకూడదు. బ్రేకు మీద కాలు పెట్టి ఉంచితే సగం దూరంలోనే డ్రమ్ములు కాలి పట్టు పోతుంది. మంచు ఉంటే వెనక చక్రాలకు గొలుసులు. మలుపులో ఎదురు బండి కనిపిస్తే కొండవైపు ఆనుకుని ఆగి, ఎక్కేవాడికి దారి ఇవ్వాలి.

అంబాజీపేట అక్క
ఘాట్ రోడ్డులో తానూ ఎప్పుడూ అలాగే దిగుతానని మావయ్య అంటున్నారు. సోమవారం శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌కు రాజమండ్రి స్టేషన్ దాకా తన లారీలోనే దింపుతారట. తమ్ముడు ముందు సీట్లో కూర్చుంటానన్నాడు.